కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్: మీ ప్రశ్నలు - జవాబులు

ప్ర: మేడమ్, బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి రెండేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఎమ్మెస్సీలో కమ్యూనిటీ హెల్త్ తీసుకోవాలని ఉంది. నాన్నగారూ, తోటి సిస్టర్లూ "ఊళ్లు పట్టుకుని తిరగడానికి పీజీ ఎందుకు, మెడికల్ సర్జికల్ తీసుకో" అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, ఏలూరు

జ: ముందు ఒక సంగతి తేల్చుకో అమ్మా. ఊళ్లో పనిచేయాలన్నదే నీ కోరికైతే ఎమ్మెస్సీ అక్కర్లేదు. మన విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టుకు బీఎస్సీ నర్సింగ్ వాళ్లనే తీసుకుంటారు. అవి కాంట్రాక్టు ఉద్యోగాలు, అది తెలిసే దిగాలి. ఎమ్మెస్సీ రెండేళ్లు చదివితే ఎక్కువగా నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే దారి తెరుచుకుంటుంది. డిగ్రీలో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అడుగుతారు. అనుభవం నీకు ఉండనే ఉంది. విదేశాలకు వెళ్లాలని గట్టిగా ఉంటే మాత్రం ఐసీయూ వదలకు, అక్కడ వార్డు అనుభవానికే గిరాకీ.

ఇక ఊళ్లు పట్టుకుని తిరగడం అంటావా, దానిలోనే ఉంది చదువంతా. ఐసీయూలో నువ్విచ్చిన మందు పేషెంటు ఒంట్లోకి వెళ్లిందా లేదా అన్న అనుమానమే రాదు. ఊళ్లో పని ఆ అనుమానంతోనే మొదలవుతుంది. గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఐరన్ మాత్ర అందాలి. ఏఎన్ఎం ఇస్తుంది, కార్డులో రాస్తుంది. నెల తిరిగాక చూస్తే హిమోగ్లోబిన్ 9 దగ్గరే ఆగి ఉంటుంది. "వేసుకుంటున్నావా?" అంటే ఆ అమ్మాయి తలూపుతుంది. కాసేపు కూర్చుని కబుర్లాడితే అప్పుడు బయటికొస్తాయి, బియ్యం డబ్బా వెనక చిరగని స్ట్రిప్పులు. వేసుకుంటే వికారం. విరేచనం నల్లగా అవుతోందని భయం. బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారి మాట. ఇక మాట్లాడాల్సింది ఆ అత్తగారితోనే. నలుపు మాత్ర వల్లే, ప్రమాదం లేదని, బిడ్డ రంగుకూ దానికీ సంబంధం లేదని ఓపిగ్గా చెప్పాలి. రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకోమనాలి, టీతోనూ కాల్షియం మాత్రతోనూ కలపొద్దనాలి. వారం పోయాక మళ్లీ ఆ గడప తొక్కాలి.

ఇలాంటి ఇళ్లు ఎన్ని, ఏ వీధిలో ఎక్కువ, ఎందుకని? మైదానంలో సుమారు 5,000, ఏజెన్సీలో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్. ఆ జనాభా మొత్తాన్ని ఒక పేషెంటులా చూడటం ఎపిడెమియాలజీ నేర్పుతుంది. నాకు ఈ సబ్జెక్టంటే ప్రాణం, అందుకే నిన్ను వద్దనలేను.

అయితే కాలేజీ చూసి చేరు. పోస్టింగ్ రికార్డులు హాస్టల్లో కూర్చోబెట్టి రాయించే చోట్లు ఉన్నాయి. ఏ ఊరికి పంపుతారు, ఎన్ని వారాలు ఉంచుతారు అని ఇప్పుడు చదువుతున్న పిల్లలనే అడుగు. అప్లికేషన్ పెట్టేముందు నాలుగు రోజులు సెలవు పెట్టి, మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ గారి అనుమతి తీసుకుని ఏఎన్ఎం వెంట తిరుగు. ఎండలో తిరిగొచ్చాక కూడా ఇదే కావాలనిపిస్తే నాన్నగారితో నువ్వే ధైర్యంగా మాట్లాడగలవు.

ప్ర: నేను బీఎస్సీ నర్సింగ్ ఐదో సెమిస్టర్. కమ్యూనిటీ పోస్టింగులో మగపిల్లాణ్ణని ఇళ్లల్లోకి రానివ్వడం లేదు. గుమ్మంలోంచే పంపేస్తున్నారు.
- ఒక విద్యార్థి, కరీంనగర్

జ: మొదట్లో ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లు బాబూ. ఇంట్లోవాళ్లను ఆమెనే పిలవనివ్వు, నువ్వు అరుగు మీదే కూర్చో. పెద్దాయన ఎవరైనా ఉంటే బీపీ చూస్తానను. పేపరు పరిచి బ్యాగు దాని మీద పెట్టి, నీళ్లడిగి సబ్బుతో చేతులు కడుక్కుని, అప్పుడు మిషన్ తియ్యి. ఆ శుభ్రత ఇంట్లో వాళ్లందరూ గమనిస్తారు. రెండు వారాలు దాటి దగ్గుతున్నా, గుట్కాతో నోట్లో పుండు మానకపోయినా ఏఎన్ఎంకి చెప్పుకోని మగవాళ్లు నీతో చెబుతారు. దగ్గున్న వాళ్లను తెమడ పరీక్షకు పంపు. ఫలితం చేతికొచ్చేదాకా నువ్వే వెంటపడి కనుక్కో.