మిన్నెసోటా మంచుదారులు: క్రొత్తగా వచ్చిన మనవారికి

మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరములకు చదువుకొరకో కొలువుకొరకో ఆగస్టు మాసములో వచ్చి దిగిన మన పిల్లలు, ఇచ్చటి సరస్సుల నీలిమను, ఆకురాలు కాలమున మేపుల్ చెట్లు దాల్చు అరుణిమను చూచి మురియుచుండగనే అక్టోబరు గడచిపోవును. పిమ్మట ఒకనాటి ఉదయమున కిటికీ తెర తొలగించి చూచునప్పటికి వీధి, పచ్చిక, ఇటీవల కొన్న పాత కారు అన్నియు ఒక్క తెల్లదనములో కలిసిపోయి యుండును. 1991లో అక్టోబరు 31న మొదలైన మంచుతుపాను నాలుగు దినములలో ఈ జంటనగరములపై 28 అంగుళములకు పైగా మంచు కురిపించినది. కావున డిసెంబరు వచ్చిన పిదప చూచుకొందమను ధీమా ఇచ్చట చెల్లదు. కారునకు చేయవలసిన ఏర్పాట్లు అక్టోబరులోనే ముగియవలెను.

ఆ ఏర్పాట్లలో అగ్రస్థానము టైర్లది. ఏడాది పొడవునను పనిచేయునని చెప్పి అమ్మెడి ‘ఆల్ సీజన్’ టైర్ల రబ్బరు, ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగినది మొదలుకొని బిరుసెక్కుచు రోడ్డును పట్టుకొను గుణమును కోల్పోవుచుండగా, శీతకాలపు టైర్ల రబ్బరు తన మృదుత్వమును విడువక, గాళ్ళలోని సన్నని చీలికలతో మంచును కరచి పట్టుకొనును. టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండ, ఆ కొండలో మంచురేకు గల గుర్తు ఉన్నదో లేదో చూచి కొనవలెను. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రము డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు ఇట్టి టైర్లను శాసనముచే తప్పనిసరి చేసినది. మిన్నెసోటాలో అట్టి శాసనము లేకపోవుటచే, తీర్చవలసిన చదువు అప్పును, ఇంటికి పంపవలసిన సొమ్మును తలచుకొని మనవారు ఈ ఖర్చును వాయిదా వేయుదురు. ఆ పొదుపు వెనుకనున్న ప్రేమను నేనెరుగుదును. ఎరిగియు, క్రొత్త ఫోను కొనుటను వాయిదా వేసియైనను, రెండు కాదు, నాలుగు టైర్లను మార్పించుకొనుడని వేడుకొనుచున్నాను. నాలుగు చక్రములకును ఇంజను బలము అందెడి కారు గలవారు తమకీ చింత లేదనుకొందురు. ఆ బలము కారును కదలించుటకు పనికివచ్చును గాని, దానిని ఆపుటకు గాని, మలుపులో నిలుపుటకు గాని టైరు తప్ప వేరు దిక్కు లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారెన్‌హీటు పడిన ప్రతిసారియు టైరులోని గాలి ఇంచుమించు ఒక పీఎస్ఐ తగ్గును. బ్యాటరీ ఐననో సున్నా ఫారెన్‌హీటు దగ్గర సగమునకు మించిన శక్తిని కోల్పోవును. ఈ రెండింటిని చలి ముదరకముందే మెకానిక్కునకు చూపించవలెను.

ఇక ఉదయపు పని. ఆఫీసుకు బయలుదేరుటకు పావుగంట ముందుగా క్రిందికి దిగి, మొట్టమొదట కారు వెనుకకు పోయి, పొగగొట్టము మంచుతో మూసుకొనిపోయినదేమో చూచి, మూసుకొనినచో చేతితోనైనను తొలగించి, ఆ తరువాతనే ఇంజను నడపవలెను. లేనిచో వాసన లేని కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరి ప్రాణము తీయును. గ్యారేజీ తలుపు మూసి కారును వేడిచేయుట కూడ ఇట్టి సాహసమే. అద్దముపై గడ్డకట్టిన మంచును చూచి వంటింటి నుండి వేడినీరు తెచ్చి పోయుట మనవారిలో తరచుగా జరుగుచున్న పని. ఆ ఉష్ణవ్యత్యాసమునకు అద్దము పగులును. స్క్రేపరుతో ఓర్పుగా గీకుటయే మార్గము. ఎదుటి అద్దమున రెండు చేతుల వెడల్పు కంత చేసికొని బయలుదేరుట కూడదు. కప్పుమీది మంచును సైతము బ్రష్షుతో త్రోసివేయవలెను, ఏలయన బ్రేకు వేసిన క్షణమున అది మొత్తముగా జారి మన కన్నులకు అడ్డముగా పడును, లేదా హైవేపై పలకలుగా లేచి వెనుక వచ్చువారి అద్దమును తాకును. అద్దము కడుగు ద్రవము గడ్డకట్టని రకమైనదిగా ఉండవలెను.

రోడ్డెక్కిన తరువాతి సంగతి వేరు. మన ఊళ్ళలో కారు నడిపిన అనుభవము గలవారికి చేయి హారనుమీదను, కాలు బ్రేకుమీదను ఉండుట అలవాటు. ఆవు అడ్డము వచ్చినను, ఆటో మలుపు తిరిగినను తక్షణమే బ్రేకు త్రొక్కి తప్పించుకొను ఆ చాకచక్యమే ఇచ్చట శత్రువగును. తొలకరి చినుకులు పడిననాడు దుమ్ము, ఆయిలు కలిసిన తారురోడ్డుపై స్కూటరు ఎట్లు జారునో ఎరిగినవారు, ఆ జారుడు కొన్ని నిమిషములు గాక ఐదు మాసములు ఉండుననుకొని నడుపవలెను. చేయదలచిన ప్రతి పనిని ముందుగా, మెల్లగా, ఒక్కొక్కటిగా చేయుటయే మంచుదారి విద్యయంతయు: మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టక, మలుపు దాటిన పిదప ఇంధనము ఇచ్చుట, ముందు కారునకును మనకును పొడిరోడ్డుపై విడిచెడి ఎడమునకు రెండు మూడు రెట్లు విడుచుట, క్రూయిజ్ కంట్రోల్ జోలికి పోకుండుట.

కంటికి కనపడు మంచుకంటె కనపడని మంచు ప్రమాదకరము. నల్లని తారు కనపడుచునే దానిపై గాజువంటి పలుచని పొర పరచుకొని యుండును. దీనినే ఇచ్చటివారు బ్లాక్ ఐస్ అందురు. రోడ్డు తడిగా మెరయుచున్నను ముందు కారు చక్రముల నుండి నీటితుంపర లేవకున్నచో, అది నీరు కాదు, గడ్డకట్టిన పొరయని గ్రహింపవలెను. వంతెనలు క్రింది నుండియు గాలి సోకుటచే తక్కిన రోడ్డుకంటె ముందు గడ్డకట్టును. తీవ్రమైన చలిలో కూడళ్ళవద్ద ఆగిన కార్ల పొగలోని ఆవిరియే నేలపై పేరుకొని గడ్డకట్టును గనుక, సిగ్నలునకు ఎంతో దూరము నుండియే వేగము తగ్గించుటకు మొదలిడవలెను. రోడ్డుపై ఉప్పు చల్లినారు గదా అను నమ్మకమునకును హద్దు కలదు. 15 డిగ్రీల ఫారెన్‌హీటు దిగువను ఉప్పు మంచును కరిగించుట బహుమందగించును. మార్చి మాసపు ఎండకు పగలు కరిగిన నీరు సాయంకాలమునకు మరల గడ్డకట్టుటచే, సున్నా సెంటీగ్రేడు ప్రాంతమున మంచు ఎముకలు కొరుకు చలినాటి మంచుకంటె అధికముగా జారునని మరువరాదు.

బ్రేకును గూర్చి ఒక్కమాట విపులముగా చెప్పవలెను. నేటి కార్లన్నిటను ఉన్న ఎబిఎస్, చక్రము బిగుసుకొని జారుటకు సిద్ధమైన తక్షణము బ్రేకును సెకనునకు పలుమారులు విడిచి పట్టును. అప్పుడు పెడలు పాదము క్రింద గడగడ వణకును, ఇనుమును రాచినట్టి చప్పుడు వినవచ్చును. ఈ సంగతి ముందుగా తెలియనివారు, కారు చెడిపోయినదని భయపడి, అత్యవసర క్షణముననే కాలు తీసివేయుదురు. తీయరాదు, గట్టిగా అదిమిపట్టి, పోవలసిన దిక్కునకు స్టీరింగు త్రిప్పవలెను. కారు వెనుకభాగము ప్రక్కకు జారినచో, పెడళ్ళ నుండి కాలు మెల్లగా ఎత్తి, ఎదుటి స్తంభమును గాక, పోదలచిన ఖాళీ త్రోవను చూచుచు ఆ వైపునకు స్టీరింగు త్రిప్పవలెను. ఏలయన చూపు పోయిన చోటికే చేతులు పోవును. ఇది చదివిన మాత్రమున వచ్చు విద్య కాదు. మొదటి మంచు పడిన ఆదివారపు ఉదయమున, అనుభవము గల మిత్రుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అనుమతి గల ఖాళీ పార్కింగ్ స్థలములో పదిహేను మైళ్ళ వేగమున పోవుచు బ్రేకు పూర్తిగా త్రొక్కి ఆ వణకును పాదమునకు పరిచయము చేయుడు.

మంచు త్రోసెడి ప్లో బండి ముందున్నచో దానికి కనీసము పది కార్ల పొడవు వెనుకనే ఉండవలెను. దానిచుట్టు లేచు మంచుమేఘములోనికి చొచ్చుకొనిపోయి దాటబోవుట మృత్యువును పిలుచుటయే. ఈ బండ్లకు ప్రజలు పేర్లు సూచించుటయు, వానిపై ఓట్లు వేయుటయు రాష్ట్ర రవాణాశాఖ ఏటేట జరుపుచున్న ముచ్చట; ఆ డ్రైవర్లయెడ ఇచ్చటివారికి గల ఆత్మీయత దానివలన తెలియును. మిన్నియాపోలిస్ నగరము ‘స్నో ఎమర్జెన్సీ’ ప్రకటించినపుడు వీధిలో కారు నిలుపు నియమములు మూడు దినములు దినమునకొక తీరుగ మారును: మొదటిరాత్రి ముఖ్యమార్గములలో ఇరువైపుల నిలుపరాదు, రెండవ పగలు తక్కిన వీధులలో సరిసంఖ్యల ఇండ్లవైపు, మూడవ పగలు బేసిసంఖ్యలవైపు నిలుపరాదు. ఎరుగక నిలిపిన కారును లాగుకొనిపోవుదురు. జరిమానాయు, విడిపించుకొను రుసుమును కలిసి పెద్దమొత్తమగును.

దారిలో చిక్కుబడినచో కారు విడిచి నడచిపోవుట తగదు. పొగగొట్టమును శుభ్రపరచి, కిటికీ ఒకింత దించి, గంటకు పదినిమిషముల చొప్పున ఇంజను నడపుచు సహాయమునకై వేచియుండవలెను. డిక్కీలో కంబళి, చిన్నపార, టార్చి, చేతొడుగులు, కొంత ఇసుక శీతకాలమంతయు ఉండవలెను.

ఇన్ని చెప్పినను, పోకుండుటకు సాటివచ్చు ఉపాయము వేరొకటి లేదు. 511 అను రహదారి సమాచార సేవలో రాష్ట్రమంతటి రోడ్ల స్థితి ఎప్పటికప్పుడు తెలియుచుండును. అందు ప్రయాణము తగదని చెప్పిన రోజున ఇంటినుండియే పనిచేయుదునని మేనేజరునకు వ్రాయుట ఇచ్చట చిన్నతనము కాదు, ఇచ్చట పుట్టి పెరిగినవారే మొదట వ్రాయుదురు. మనవారికి ఆఫీసుకంటె ఎక్కువ చిక్కు తెచ్చునది మొహమాటము. సంక్రాంతి జనవరి నడుమ వచ్చును. రాచెస్టరు నుండి మేపుల్ గ్రోవ్ దేవాలయమునకో, మిత్రుల ఇంటికో పులిహోర గిన్నెను ఒడిలో పెట్టుకొని, పిల్లలను వెనుక కూర్చుండబెట్టి బయలుదేరుదుమని మాట యిచ్చినవారు, రాకున్న ఏమనుకొందురోయను సంకోచముతో మంచులో దిగుదురు. అట్టి దినమున పిలిచినవారే ప్రొద్దున్నే ఫోను చేసి, “వదినా, ఈవేళ రావద్దు, దారి బాగులేదు, వచ్చే శనివారం కలుసుకొందము” అని ముందుగా చెప్పవలెను.