తేలే నలకలు

చిరంజీవి సుధీర్‌కు,

ఈ ఉత్తరం ఫొటో తీయించి నీ ఫోనుకే పంపిస్తున్నాను. పోస్టులో వేస్తే నాలుగు రోజులు. అంత వ్యవధి నీకు లేదు.

రెండు రోజులుగా కుడికంట్లో నల్లటి నలకలు తేలుతున్నాయనీ, చీకట్లో మెరుపు తళుక్కుమంటోందనీ, నెట్‌లో చూస్తే ‘మామూలే’ అని ఉందనీ మీ అమ్మతో అన్నావట. అది అబద్ధం కాదురా. కంటి లోపల కోడిగుడ్డు తెల్లసొనలాంటి జెల్లీ ఉంటుంది. అది నీరుకారి, వెనకనున్న రెటీనాను వదిలేస్తుంది. చాలామందికి అంతటితో సరి. కొందరికి మాత్రం పోతూ పోతూ రెటీనాను పట్టి లాగి చింపుతుంది. ఆ చిరుగులోంచి నీరు దిగితే రెటీనా, తడిసిన గోడ పెచ్చు ఊడినట్టు ఊడుతుంది.

నీ అద్దాలు మైనస్ ఎనిమిది. వెతికేటప్పుడు ఆ సంగతి రాశావా? అలాంటి కన్ను పొడుగ్గా సాగి ఉంటుంది, రెటీనా పలచబడి ఉంటుంది. చిరిగే ప్రమాదం మీ బోటివాళ్ళకే ఎక్కువ. ‘నొప్పేం లేదుగా’ అన్నావట. రెటీనాకు నొప్పి తెలియదు. చిరుగుగా ఉండగా దొరికితే చుట్టూ లేజర్ వేసి ఇంటికి పంపేస్తారు. ఊడాక ఆపరేషనే. పోయిన చూపంతా తిరిగొస్తుందని ఏ డాక్టరూ మాటివ్వడు.

నేను కంటి డాక్టరుగా ఉద్యోగంలో ఉండగా ఒక రైతు వచ్చాడు. కోతల్లో వరి ఆకు గీసుకుని కన్ను ఎర్రబడింది. కొడుకు ఫోనులో వెతికి కండ్లకలక అని తేల్చి, మందుల షాపులో చుక్కలు తెచ్చాడు. అందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు తగ్గింది, మంట తగ్గింది, ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆకు గీతతో లోపల చేరిన బూజు మాత్రం ఎరువేసినట్టు పెరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి నల్లగుడ్డు మీద పుండు. నెలల తరబడి మందులేస్తే పుండు మానింది, కంట్లో తెల్లటి పువ్వు మిగిలింది. ఆ కుర్రాడు చదివిందీ అబద్ధం కాదు. ఎర్రబడ్డ కళ్ళలో ఎక్కువ భాగం కండ్లకలకే. వాళ్ళ నాన్న కన్ను ఆ ఎక్కువ భాగంలో లేదు. స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రం ముందు గడ్డం ఆనించి చూస్తేగాని అది తెలియదు.

నెట్ చూడొద్దనను. డాక్టరు జబ్బు పేరు చెప్పాక ఎంతైనా చదువుకో.

రేపు పొద్దున్నే వెళ్ళు. మెహదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రి నీ గదికి దగ్గరే. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూడమని అడుగు. ఆ తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి తీసుకెళ్ళకు. ఈలోగా కంటికి ఓ పక్క నల్లటి తెర పడ్డట్టనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రైనా సరే ఆటో ఎక్కు, నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య