చోటు మారినప్పుడు బయటపడేవి

1991 ఆగస్టులో హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని నలుగురికీ చెప్పాడు. పెద్దగా ఆశలు పెట్టుకోవద్దన్నట్టు ఇంకో మాటా కలిపాడు. ఇది ఇంటెల్ 386 చిప్పును నమ్ముకుని రాసిందనీ, వేరే మెషీన్ మీదికి తీసుకెళ్లడం కుదరదనీ, తన దగ్గరున్న రకం హార్డ్‌డిస్క్ తప్ప మరొకటి ఎప్పటికీ నడపకపోవచ్చనీ. అప్పటికి అతనికి 21 ఏళ్లు. లినక్స్ అన్న పేరుతో ఆ సిస్టమే ఇవాళ మన జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్లో, ఇంట్లో వైఫై రౌటర్లో, బ్యాంకుల మెయిన్‌ఫ్రేముల్లో, సూపర్ కంప్యూటర్లలో నడుస్తోంది.

‘నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు’, ‘ఈ ఊరు దాటితే నన్నెవరు అడుగుతారు’ అని మీరెప్పుడైనా అనుకుని ఉంటే, ఆ కుర్రాడి అంచనా ఎందుకు తప్పిందో తెలుసుకోవడం మీకే లాభం. లినక్స్‌కు ఎక్కడైనా ఇమిడిపోయే గుణం పుట్టుకతో రాలేదు. చోటు మారాల్సి వచ్చినప్పుడు, ఆ మారడంలో పడ్డ తిప్పల్లోంచి వచ్చింది.

1993 ప్రాంతంలో అమీగా, అటారీ కంప్యూటర్లున్న కొందరు ఉత్సాహవంతులు లినక్స్‌ను తమ మోటరోలా చిప్పుల మీదికి తెచ్చారు. సరిపడని భాగాలు తీసేసి, వాటి చోట తమకు కావలసినవి రాసుకున్నారు. సిస్టమ్ నడిచింది. కానీ అది వేరు కాపురమైంది. అసలు లినక్స్‌లో వచ్చిన ప్రతి మార్పునూ మళ్లీ మళ్లీ ఇటు మోసుకురావాలి. ఆ తర్వాత డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేసే జాన్ హాల్, అందరూ ‘మ్యాడ్‌డాగ్’ అని పిలిచే గడ్డపాయన, టోర్వాల్డ్స్‌కు ఆల్ఫా అనే 64 బిట్ల మెషీన్ ఇప్పించాడు. టోర్వాల్డ్స్ ఈసారి ఇంకో దారి పట్టాడు. రెండో లినక్స్ రాయలేదు. ఉన్న లినక్స్‌నే విప్పి, ఏ చిప్పుకైనా పనికొచ్చేదంతా ఒకవైపు, ఫలానా చిప్పుకే సంబంధించింది చిన్న ఫోల్డర్లో ఇంకోవైపు సర్దాడు. 1995 మార్చిలో 1.2 వెర్షన్ వచ్చేసరికి ఆల్ఫాతో పాటు స్పార్క్, మిప్స్ చిప్పులకూ అందులో చోటు దొరికింది.

ఇలా విప్పి సర్దుకోకుండా ఉద్యోగం మారేవాళ్లు సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. కొందరు పాతదంతా వదిలేసి, కొత్త ఆఫీసు ఎలా ఉంటే అలా తయారవుతారు. మూడు కంపెనీలు మారేసరికి వాళ్లకంటూ ఏమీ మిగలదు. ఇంకొందరు ‘మా పాత కంపెనీలో ఇలా చేసేవాళ్లం కాదండీ’ అంటూనే ప్రొబేషన్ పూర్తి చేస్తారు. (రెండో రకం ప్రతి ఆఫీసులోనూ కనీసం ఒకరుంటారు. క్యాంటీన్‌లో వాళ్ల పక్కన ఎవరూ కూర్చోరు.) మీలో ఏది ఎక్కడికైనా వచ్చేదో, ఏది పాత చోటు అంటగట్టిందో విడదీసుకోకపోతే ఈ రెంటిలో ఒకటి తప్పదు. పాత చోట కూర్చుని ఎంత ఆలోచించినా అవి విడివడవు. చోటు మారాకే బయటపడతాయి.

ఎలా బయటపడతాయో లినక్స్ దగ్గరే చూద్దాం. 386లో మెమరీ చిరునామా 32 బిట్లు. లినక్స్ రాసిన సీ భాషలో మామూలు పూర్ణాంకం కూడా 32 బిట్లే. కాబట్టి చిరునామాను పూర్ణాంకంలో దాచుకున్నా ఏ ఇబ్బందీ రాలేదు, ఎవరూ పట్టించుకోలేదు. ఆల్ఫాలో చిరునామా 64 బిట్లయింది, పూర్ణాంకం మాత్రం 32 దగ్గరే ఉండిపోయింది. ఆ పాత అలవాటుతో రాసిన చోటల్లా చిరునామాలో పై సగం తెగిపోతుంది. ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగితే బాగుండు. ఆగదు. కాసేపు నడిచి, సంబంధం లేని ఇంకెక్కడో కూలుతుంది. వెతికేవాడు కూలిన చోట తవ్వుతూ కూర్చుంటాడు.

పాత యూనిక్స్ రోజుల నుంచి ప్రోగ్రామర్లు చెప్పుకునే ముచ్చట ఇంకోటుంది. కొన్ని చిప్పులు రెండు బైట్ల సంఖ్యలో చిన్న బైటును ముందు పెడతాయి, కొన్ని పెద్ద బైటును. ఒక రకం మెషీన్ కోసం రాసింది రెండో రకం మీదికి తెస్తే, తెర మీద యు-ఎన్-ఐ-ఎక్స్ అని రావాల్సింది ఎన్-యు-ఎక్స్-ఐ అని వస్తుంది. జంటజంటగా అక్షరాలు తారుమారు! ఈ చిక్కుకు ‘నుక్సి సమస్య’ అన్న పేరే స్థిరపడింది. మెషీన్ మారేదాకా ఆ వరస ఒక నిర్ణయమని గానీ, ఇంకోలా ఉండొచ్చని గానీ ఎవరికీ తట్టదు.

ఇలాంటివి పాతకాలం కథలేం కావు. 386లో మెమరీని 4,096 బైట్ల ముక్కలుగా పంచేవారు. చాలా కాలం చాలా చిప్పులదీ అదే లెక్క. దాంతో ఎందరో ప్రోగ్రామర్లు ఆ అంకెను అడగకుండానే రాసేశారు. 2020 నవంబరులో యాపిల్ తన ఎం1 చిప్పుతో మ్యాక్‌లు తెచ్చింది. వాటి మీదికి లినక్స్ తెచ్చే పనిని హెక్టర్ మార్టిన్ అనే ఇంజనీరు ‘అసాహి లినక్స్’ పేరుతో తలకెత్తుకున్నాడు. ఆ చిప్పులో పరికరాలకు మెమరీ పంచే భాగం 16 కిలోబైట్ల ముక్కలు తప్ప ఒప్పుకోదు. అంతే, లినక్స్ లేచి నిలబడినా దాని మీద నడవాల్సిన క్రోమియం బ్రౌజర్ లాంటి మహామహా ప్రోగ్రాములు చతికిలబడ్డాయి. లోపల 4,096 కూర్చుని ఉంది మరి.

మీలోని 4,096 ఏమిటో కాగితం మీద రాయండి. కలెక్టరేట్‌లో పదేళ్లు చేసి ప్రైవేటు సంస్థలో చేరినాయనకి, ఫైలు తన టేబుల్ మీదికి వచ్చాకే పని మొదలవుతుందన్నది 4,096. ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పి డేటా అనలిస్టుగా మారిన లెక్చరరుకి, ప్రశ్నంటూ ఉంటే దానికి సరైన జవాబు ఒకటే ఉంటుందన్నది. డల్లాస్ నుంచి హైదరాబాద్ తిరిగొచ్చిన మేనేజరుకి, మీటింగులో ఎవరూ అడ్డుచెప్పలేదంటే అందరూ ఒప్పుకున్నట్టేనన్నది. వీటిలో ఏదీ దుర్గుణం కాదు. పాత చోట ఇవన్నీ చక్కగా పనిచేశాయి, అందుకే కనబడకుండా ఉండిపోయాయి. రాయడానికి ఒక కిటుకు ఉంది: మీ గుణాలు జాబితా వేయకండి. కొత్త చోట ఎక్కడ ఇబ్బంది పడ్డారో రాసి, ఆ ఇబ్బందికి ముందు మీరు ‘ఎలాగూ ఇంతే కదా’ అనుకున్న విషయం ఏమిటో దాని పక్కన రాయండి. మూడు వారాల్లో జాబితా తయారవుతుంది.

కొత్త చోట మొదటి వారం ఏం చేయాలో కూడా పోర్టింగ్ చేసేవాళ్లనే, అంటే సాఫ్ట్‌వేర్‌ను కొత్త మెషీన్ మీదికి తెచ్చేవాళ్లనే అడగాలి. మన హైదరాబాద్, బెంగళూరుల్లో ఎంబెడెడ్ పనిలో, అంటే పరికరాల లోపలి కంప్యూటర్లతో పనిలో ఉన్నవాళ్లు కొత్త సర్క్యూట్ బోర్డును మొదటిసారి నడిపించడాన్ని ‘బోర్డ్ బ్రింగప్’ అంటారు. కొత్త బోర్డు టేబుల్ మీదికి రాగానే వాళ్లు తెర వెలగాలని చూడరు, వైఫై సంగతి ఎత్తరు. సీరియల్ పోర్టుకు తీగ తగిలించి, ల్యాప్‌టాప్‌లో నల్లటి కిటికీ తెరిచి, బోర్డు నుంచి ఒక్క అక్షరం రావడం కోసం చూస్తారు. ఆ అక్షరం వచ్చిందంటే కరెంటు అందుతోంది, క్లాకు తిరుగుతోంది, రాసిన కోడ్ నిజంగానే నడుస్తోంది. ఇక ఏది చెడినా చెడిందని చెప్పడానికి బోర్డుకు ఒక నోరుంది. తర్వాత మెమరీ, టైమర్, డిస్కు, ఆపైన ఒక కమాండ్ ప్రాంప్ట్. గ్రాఫిక్స్ అన్నిటికన్నా చివర. అసాహిలోనూ ఇదే వరస: ఎం1కు ప్రాథమిక మద్దతు 2021 మధ్యలో లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ 5.13 వెర్షన్‌లో చేరింది, గ్రాఫిక్స్ డ్రైవరు జనం చేతికి వచ్చేసరికి 2022 డిసెంబరు అయింది.

కొత్త ఉద్యోగంలో మొదటి వారమే పవర్‌పాయింట్‌తో మెప్పించాలనుకునేవాళ్లు గ్రాఫిక్స్‌తో మొదలుపెడుతున్నారు. మీకు ముందు కావలసింది సీరియల్ తీగ: చిన్న పనొకటి మొదటి నుంచి చివరిదాకా మీ చేతుల మీద పూర్తవ్వాలి, అది సరిగ్గా వచ్చిందో లేదో మొహమాటం లేకుండా చెప్పే మనిషి ఒకరు దొరకాలి. ఆ మనిషి మీ బాసే అవ్వాలని లేదు. చాలాసార్లు అకౌంట్స్‌లో పాత ఉద్యోగి అయి ఉంటారు.

యాపిల్ తన చిప్పుల మాన్యువల్ ఎవరికీ ఇవ్వదు. అసాహివాళ్లు ఒక పలచటి పొర రాసి, దాని మీద యాపిల్ సొంత మ్యాక్‌ఓఎస్‌నే నడిపించి, అది ఏ పరికరంతో ఎప్పుడు ఏం మాట్లాడుతోందో వరసగా నమోదు చేశారు. డ్రైవర్లు ఆ తర్వాత రాశారు. కొత్త ఆఫీసుకూ మాన్యువల్ ఉండదు. ఉన్నా, హెచ్‌ఆర్ ఇచ్చే ఆ పీడీఎఫ్‌లో అసలు విషయం ఉండదు. అక్కడ పని సాఫీగా సాగించుకుంటున్న ఒకరిని ఎంచుకుని, వాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు, ఎవరికి మెయిల్ పెడతారు, ఏ విషయం టీ దగ్గర తేల్చేస్తారు అన్నది గమనించండి. సలహా అడక్కండి. సలహాలో వాళ్లు చేయాలనుకునేది చెబుతారు, చేసేది చెప్పరు.

వదిలేయడం గురించీ ఒక ముక్క. 2012 డిసెంబరులో లినక్స్ కెర్నెల్ నుంచి 386 చిప్పుకు మద్దతు తీసేశారు. 3.8 వెర్షన్ నుంచి లినక్స్ తాను పుట్టిన చిప్పు మీదే నడవదు! ఆ పాత చిప్పులో లేని సదుపాయాల కోసం కోడ్‌లో అక్కడక్కడా ప్రత్యేక ఏర్పాట్లు ఉంచాల్సి వచ్చేది, కొత్త మార్పు చేసిన ప్రతిసారీ అవి అడ్డొచ్చేవి. తనకేమీ సెంటిమెంటు లేదని టోర్వాల్డ్స్ తేల్చేశాడు. పాత ఉద్యోగంలో పదును పెట్టుకున్న ఒక నైపుణ్యం ఇప్పుడు మీ వారంలో ఎన్ని గంటలు తింటోందో లెక్క చూడండి. ఎవరూ వాడని ఎక్సెల్ మాక్రోను ఇంకా మీరే బాగుచేస్తున్నారా? దాన్ని వదిలేయడానికి లినక్స్‌లా ఇరవై ఏళ్లు ఆగక్కర్లేదు.

ఇదంతా నలిగిపోయే పని, అది దాచడం నాకిష్టం లేదు. అసాహిని మొదలుపెట్టిన హెక్టర్ మార్టిన్ 2025 ఫిబ్రవరిలో దాని బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. అలసిపోయానన్నాడు. వాడుకదారుల ఎడతెగని డిమాండ్లూ, తమ కోడ్‌ను ప్రధాన లినక్స్‌లో చేర్పించడానికి పడ్డ పెనుగులాటా కారణాల్లో ఉన్నాయి. పనిని ఒక బృందం అందుకుంది. చోటు మారాక అన్నీ నేనే మోస్తాననుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి చదువుకోవాలి. మారిన మొదటి ఏడాదే ఇల్లు కొనడం, పిల్లల స్కూలు మార్చడం, రాత్రి కోర్సులో చేరడం, అన్నీ ఒకేసారి పెట్టుకోకండి.

ఆ ప్రాజెక్టు నుంచి నాకు బాగా నచ్చింది వాళ్ల పట్టిక. ఏ మ్యాక్ మోడల్‌లో ఏది పనిచేస్తుంది, ఏది చేయదు, ఏది సగంలో ఉంది అన్నది అందరికీ కనబడేలా పెట్టారు. అందులో స్పీకర్ల గడి చాలాకాలం ఖాళీగానే ఉంది. కోడ్ రాయలేక కాదు. మ్యాక్‌బుక్ స్పీకర్లు చిన్నవి, వాటికి అవి తట్టుకోలేనంత శక్తి పంపగల ఆంప్లిఫయర్లు ఉంటాయి. లోపలి తీగచుట్ట ఎంత వేడెక్కుతోందో సాఫ్ట్‌వేర్ నిరంతరం లెక్కగట్టి శబ్దం తగ్గించకపోతే అవి కాలిపోతాయి. ఆ కాపలా ప్రోగ్రామ్ సిద్ధమయ్యేదాకా, ఎంతమంది అడిగినా స్పీకర్లు తెరవలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండన్నారు.

మీ కొత్త మేనేజరుకు ఇలాంటి పట్టిక ఒకటి ఇవ్వండి, అర పేజీ చాలు. నెలవారీ రిపోర్టు: ఇప్పుడే చేయగలను. క్లయింటు కాల్స్: పక్కన ఒకరుంటే చేస్తాను. ధరల బేరం: ఇంకా కాదు, జనవరి తర్వాత అడగండి.