ఉద్యోగం ఒకరిది, మకాం అందరిది

ఆఫర్ లెటర్‌లో జీతం ఉంటుంది, చేరాల్సిన తేదీ ఉంటుంది. మీ అమ్మాయి ఏ తరగతిలో ఉందో ఉండదు. వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందని సలహా అడిగేవాళ్లు ముందుగా జీతం గురించే మాట్లాడతారు. నేను ముందుగా అడిగేది పాప తరగతి. ఎందుకో చెప్పేముందు జీతం సంగతి తేల్చేద్దాం.

రాజమహేంద్రవరంలో సొంతింట్లో ఉంటున్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఆయనకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, జీతం 65 వేల నుంచి 95 వేలకు పెరుగుతుంది. నెలకు 30 వేలు ఎక్కువ. ఇక్కడి ఇల్లు అద్దెకిస్తే ఇంకో 8 వేలు వస్తాయనుకుందాం. అక్కడ ఆఫీసుకు దగ్గర్లో రెండు పడక గదుల ఫ్లాటుకు మెయింటెనెన్స్‌తో కలిపి 25 వేలు పోతాయి. ఆమె ఇక్కడి ప్రైవేటు స్కూల్లో తెచ్చుకుంటున్న 18 వేలు ఆగిపోతాయి. వచ్చేది 38, పోయేది 43. స్కూలు ఫీజులో తేడా, వ్యాను, ఊరికి రాకపోకలు ఇంకా కలపనేలేదు. ఆమె సంపాదన లెక్కలోకి తీసుకోకుండా ‘జీతం పెరిగింది’ అనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఆమె ప్రభుత్వ టీచరైతే సంగతి మరీ కష్టం. రాష్ట్రం దాటి బదిలీ దొరకడం అరుదు, దొరికినా సీనియారిటీ పోగొట్టుకోవాల్సి వస్తుంది.

అయితే ఇది మొదటి ఏడాది లెక్క. పెద్ద నగరం ఇచ్చే అసలైన లాభం రెండో ఉద్యోగంలో ఉంటుంది. రేపు ఈ కంపెనీ మూతపడితే ఇల్లు కదపకుండా ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చా? హైదరాబాద్‌లో చాలా రంగాలకు అది సాధ్యమే. బీఈడీ చదివిన ఆమెకు కూడా అక్కడ అవకాశాలుంటాయి. ఊరంతటికీ మీ పనికి ఒక్కటే కంపెనీ ఉన్నచోటికి మాత్రం, జీతం ఎంత ఊరించినా, కుటుంబాన్ని తీసుకెళ్లొద్దంటాను.

ఇక పాప తరగతి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు పిల్లల్ని లోకల్, నాన్‌లోకల్‌గా విడదీస్తాయి. 1974 ఉత్తర్వు కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నది దాని ప్రధాన కొలమానం. ఇంటర్ తర్వాతి ప్రవేశాలకైతే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తెలంగాణలో ఎంబీబీఎస్ సీట్లకు ఈ నాలుగేళ్ల చదువు అక్కడే సాగాలని 2024లో నిబంధన తెచ్చారు. దాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి పదో తరగతి ఇక్కడ ముగించి, ఇంటర్‌కి కుటుంబంతో హైదరాబాద్ వెళ్లే పిల్లలకు అక్కడ నాలుగేళ్లు నిండవు, ఇక్కడ వరుస తెగిపోతుంది. వెళ్తే తొమ్మిదిలో చేర్చేలోపే వెళ్లాలి, లేదంటే ఇంటర్ అయ్యేదాకా ఆగాలి.

ప్రభుత్వ ఉద్యోగాల లెక్క వేరు. తెలంగాణలో 2018 ఉత్తర్వు ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదువును చూస్తుంది. ఆ ఏడేళ్లలో నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్, ఆ ఉద్యోగాల్లో 95 శాతం లోకల్‌కే. ఆంధ్రలో 1975 ఉత్తర్వు పదో తరగతితో ముగిసే నాలుగేళ్లను కొలమానంగా పెట్టింది. ఇప్పుడు నాలుగో తరగతి దాకా రాజమహేంద్రవరంలో, ఐదు నుంచి పది దాకా హైదరాబాద్‌లో చదివిన పాపని తీసుకోండి. తెలంగాణ లెక్కలో మూడేళ్లే. ఆంధ్ర 1975 ఉత్తర్వు లెక్కలో చివరి నాలుగేళ్లూ బయటే. ఈ ఉత్తర్వుల ప్రకారం పుట్టిన రాష్ట్రానికీ పెరిగిన రాష్ట్రానికీ నాన్‌లోకల్. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్ల గ్రూప్స్ రాయాలనుకున్నప్పుడు బయటపడే సంగతిది. మినహాయింపులున్నాయి, నిబంధనలు మారుతుంటాయి కూడా. ఆ ఏటి నోటిఫికేషన్ చూడకుండా ఎవరి మాటా నమ్మొద్దు, నా మాటతో సహా.

ఈ ఇబ్బంది ప్రభుత్వానికీ తెలుసు. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలినప్పుడు ఉద్యోగులకు వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. తెలంగాణ నుంచి ఆంధ్రకు తరలివచ్చే కుటుంబాల పిల్లలకు స్థానికత కల్పిస్తూ రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి, గడువు పొడిగిస్తూ వచ్చారు. అయినా ఎందరో ఉద్యోగులు ఏళ్ల తరబడి కుటుంబాన్ని హైదరాబాద్‌లోనే ఉంచి, వారం వారం రైళ్లలో తిరిగారు. పిల్లల చదువు, భార్య ఉద్యోగం, కట్టుకున్న ఇల్లు వదల్లేక పడిన పాట్లవి.

బెంగళూరు వెళ్లేవాళ్లకు మరో లెక్క. అక్కడి సీఈటీ సీటుకు సాధారణంగా ఒకటో తరగతి నుంచి పీయూసీ లోపు ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలి. ఇంటి అడ్వాన్సు కూడా హైదరాబాద్‌తో పోలిస్తే బరువు. కారు అక్కడ ఏడాది దాటి ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ చేయించాలి.

నా సలహా: ముందు ఒక్కరే వెళ్లండి. ప్రొబేషన్ ఆరు నెలలూ హాస్టల్లో ఉండి, పని నిలిచేదీ లేనిదీ చూసుకోండి. శుక్రవారం రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున గోదావరి దాటుతారు. కష్టమే, కాదనను. ఇంట్లో జ్వరాలూ పేరెంట్స్ మీటింగులూ ఆమె ఒక్కతే మోస్తుంది. అందుకే ఆరు నెలలంటే ఆరు నెలలే, ఏళ్ల తరబడి సాగనివ్వకండి. ఈలోగా వేసవి సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లి ఒక నెల ఉంచండి. మూడో అంతస్తులో, తెలిసిన ముఖం లేనిచోట వాళ్లు ఉండగలరో లేదో మాటల్లో తేలదు. మకాం మార్చేది జూన్‌లో, బడులు తెరిచే ముందు పెట్టుకోండి. నడుమ మారితే పుస్తకాలూ స్నేహాలూ రెండూ తెగుతాయి.

సామాను లారీ ఎక్కకముందే పిల్లలు ఇప్పటిదాకా చదివిన ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్లు తీసుకోండి, ఏ ఏడాది ఏ తరగతో స్పష్టంగా ఉండేట్టు. చిన్న ప్రైవేటు బడులు మూతపడుతుంటాయి. తర్వాత ఆ ఒక్క కాగితం కోసం సెలవు పెట్టి, ఊరికొచ్చి, మండల విద్యాధికారి ఆఫీసులో పాత రికార్డులు వెతికించుకోవాలి.