కారాగారమున గర్భవతి

నేరము చేసినవారిని శిక్షించుట రాజ్యధర్మము. అయితే గర్భిణి జైలులో అడుగుపెట్టునప్పుడు ఏ నేరమెరుగని మరియొక ప్రాణి కూడ ఆమెతో లోపలికి పోవుచున్నది. ఆ ప్రాణిని గూర్చి న్యాయస్థానము తలచిన తీరు మన రాష్ట్రము పేరుతోనే ప్రసిద్ధమైన ఒక తీర్పులో కలదు.

ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అను ఆ వ్యాజ్యము 1994 నాటిది. విచారణ ఖైదీల దుఃస్థితితో మొదలై, క్రమముగా తల్లుల వెంట జైళ్లలో పెరుగు పిల్లల వైపు మరలినది. 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములకును వర్తించు సూత్రములను ప్రకటించినది. గర్భిణిని జైలుకు పంపుటకు ముందే అచట ప్రసవమునకు, బాలింత సంరక్షణకు కనీస వసతులున్నవో లేవో చూడవలెను. జిల్లా ప్రభుత్వ వైద్యశాలలో, మన పొన్నూరు వారికైతే గుంటూరు పెద్దాసుపత్రిలో, పరీక్ష చేయించి నెలలు నిర్ణయింపవలెను. సాధ్యమైనంతవరకు తాత్కాలిక విడుదలపై కానుపు జైలు వెలుపలనే జరుగవలెను.

వీటన్నిటికంటె సున్నితమైనది జనన నమోదును గూర్చిన సూత్రము. జైలులో పుట్టిన బిడ్డకు జన్మస్థలముగా జైలు పేరు వ్రాయరాదు. ఆ ప్రాంతపు చిరునామా మాత్రమే వ్రాయవలెను. రేపు బడిలో చేరునప్పుడు ఆ కాగితము బిడ్డను వెక్కిరింపరాదు గదా! పేరు పెట్టు వేడుకకు సైతము వీలైనంత సౌకర్యము కల్పింపుమన్నారు. అది బారసాలయైనను, అఖీఖాయైనను ఒకటే.

2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమములు ప్రసవవేదన సమయమునను, కాన్పు వేళను, ఆ వెంటనేయును స్త్రీకి సంకెళ్లు వేయుటను పూర్తిగా నిషేధించినవి.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని సుప్రీంకోర్టు చెప్పిన విడుదలకు ఒక షరతు కలదు: ఆమెకు బయట తగిన ఆశ్రయముండవలెను. మన సీమలో తొలి కాన్పు పుట్టింట జరుగుట ఆచారము. కేసులో చిక్కిన కూతురికి ఆ పుట్టిల్లు తలుపు తీయునా? మిరపకోతలకు కూలికి పోవు స్త్రీకి పూచీ నిలుచు ఆస్తిపరుడెవడు? 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకును, నిర్బంధములోని వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము నిచ్చుచున్నది. న్యాయవాది దొరకును, పూచీదారుడు దొరకుట కష్టము. జామీను హక్కుగా లభించు నేరములలో, వారములోపల పూచీ చూపలేనివారిని నిరుపేదలుగా భావించి స్వంత పూచీపై విడువవలెనని 2005 సవరణ నిర్దేశించినది. 2024లో అమలునకు వచ్చిన కొత్త సంహితలోను ఆ నియమము నిలిచినది. తక్కిన నేరములలో ఆ సౌలభ్యము లేదు. అట్టి కేసులో జామీను మంజూరైనను, నెలలు నిండుచుండగా ఆమె జైలులోనే పూచీదారుని కొరకు ఎదురుచూడవలసివచ్చును.