సగటు ముఖం – సజీవ మానవుడు

ఉర్దూ భాషలో 'సూరత్', 'సీరత్' అనే రెండు పదాలను జంటగా వాడుతుంటారు. సూరత్ అనగా రూపం; సీరత్ అనగా శీలం. తెలుగులో మనం రూపగుణాలు అంటున్నది కూడా దీనినే. రూపాన్ని చూసి గుణాన్ని నిర్ణయించవచ్చునా అన్న ప్రశ్న చాలా పాతది. అయితే ఛాయాచిత్రం పుట్టిన తరువాత ఈ ప్రశ్న శాస్త్రం వేషం ధరించింది. కంప్యూటర్ వచ్చిన తరువాత గణితం వేషం కూడా ధరించింది. అనేక ముఖాలను కలిపి ఒకే ముఖంగా తయారుచేసే సమ్మిశ్ర ఛాయాచిత్రం చరిత్రను పరిశీలిస్తే ఈ విషయం విద్యార్థులకు స్పష్టమవుతుంది. ఆ చరిత్రను సంగ్రహంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గాల్టన్ ప్రయోగం

ఫ్రాన్సిస్ గాల్టన్ (1822–1911) ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. ఆయన 1878లో సమ్మిశ్ర చిత్రాలను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. పద్ధతి సులభమైనదే. ఒకే పరిమాణంలో, ఒకే భంగిమలో ఉన్న ఎనిమిది ఛాయాచిత్రాలను తీసుకొని, కళ్ళు సరిగ్గా ఒకే చోట పడునట్లు ఒకదాని మీద ఒకటి అమర్చాలి. ఒక్క చిత్రాన్ని ప్లేటు మీదికి ఎక్కించడానికి ఎనభై సెకండ్లు పట్టుననుకొంటే, ఒక్కొక్క ముఖానికి పది సెకండ్లు మాత్రమే వెలుగు ఇవ్వాలి. అప్పుడు ప్లేటు మీద ఏర్పడే ముఖం ఎనిమిదిమందిలో ఎవరిదీ కాదు. ఎనిమిదిమందిదీ కొంచెం కొంచెంగా అవుతుంది. అందరికీ సమానమైన లక్షణాలు గాఢంగా పడతాయి. ఒక్కరికే ఉన్న మచ్చ, ముడత, వంకర మసకబారిపోతాయి.

గాల్టన్ ఈ పద్ధతిని మొదట ఖైదీల చిత్రాల మీద ప్రయోగించాడు. నేరగాళ్ళ ముఖాలను కలిపితే 'నేరస్థుని ముఖం' బయటపడుతుందని ఆశించాడు. బయటపడింది వేరు. మిశ్రమంలోని ముఖం విడి ముఖాలకంటె సౌమ్యంగా కనిపించింది. క్రూరంగా తోచిన విశేషాలు తొలగిపోయి సామాన్య మానవత్వమే మిగిలినదని ఆయనే వ్రాసుకొన్నాడు. ప్రయోగం స్వయంగా ఇచ్చిన సమాధానం అది. దానిని గ్రహించి అక్కడ ఆగిపోయి ఉంటే ఎంతో మేలు జరిగి ఉండేది.

ఆయన ఆగలేదు. లండన్‌లోని యూదు పాఠశాల బాలుర చిత్రాలను కలిపి 'యూదు ముఖం' తయారుచేశాడు. ఆ చూపులో చల్లగా తూకం వేసే స్వభావం ఉన్నదని భావించాడు. అదే చిత్రాలను గురించి 1885లో వ్రాసిన యూదు పండితుడు జోసెఫ్ జాకబ్స్‌కు అందులో వర్తకునికంటె ఆలోచనాపరుడు, కలలు కనేవాడు ఎక్కువగా కనిపించాడు. చిత్రం ఒక్కటే, చూసినవారు ఇద్దరు, వారు చదువుకొన్న సీరత్‌లు రెండు. దీనినిబట్టి శీలం చిత్రంలో లేదనీ, చూసేవాని మనస్సులో ముందే ఉన్నదనీ తేలుతున్నది.

1883లో జాతిశుద్ధి శాస్త్రానికి ఆంగ్లంలో పేరు పెట్టినవాడు కూడా గాల్టనే. ఆ భావధార ఆయన దేశాన్ని, కాలాన్ని దాటి ప్రవహించింది. 1933లో జర్మనీలోని నాజీ ప్రభుత్వం నిర్బంధ సంతాన నిరోధ చట్టం చేసింది. ఆ తరువాత జరిగిన ఘోరం లోకానికి తెలిసినదే. ఒక చిత్రమే ఇంత చేసిందని అనడం అతిశయోక్తి. కాని మనుష్యులను వ్యక్తులుగా కాక నమూనాలుగా చూసే అలవాటుకు అటువంటి చిత్రాలు శాస్త్రగౌరవం కల్పించాయనడం సత్యం.

మన దేశంలోనూ ఆ అలవాటు ఉండేది. 1868 నుండి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే గ్రంథంలో నాలుగు వందలకు పైగా ఛాయాచిత్రాలు ఉన్నాయి. వాటిలో అనేకం కింద మనిషి పేరుకు బదులు కులం పేరో, తెగ పేరో ఉంటుంది. అక్కడ ముఖాలను కలపకుండానే మనిషి మాయమైనాడు.

అంకెలుగా మారిన ముఖం

1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే శాస్త్రజ్ఞుడు తన పసికందు ఛాయాచిత్రాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అది అడ్డంగా 176, నిలువుగా 176 గడులు గల చిత్రం. అనగా మొత్తం 30,976 గడులు. గడినే పిక్సెల్ అంటారు. నేటి వాడుకలో నలుపు తెలుపు చిత్రంలోని ఒక్కొక్క పిక్సెల్‌కు సాధారణంగా 0 నుండి 255 వరకు ఒక అంకె ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు.

ముఖం అంకెలుగా మారిన తరువాత దానితో చేసే పని అంతా అంకగణితమే. ప్రతి అంకెకు ఇరవై కలిపితే మనిషి ఛాయ తేలుతుంది, తీసివేస్తే నల్లబడుతుంది. ఒక ముఖంలో కంటి కొన వద్ద 200, మరొక ముఖంలో అదే చోట 100 ఉంటే, రెండింటి సగటు 150. గాల్టన్ వెలుగును సెకండ్లలో పంచినట్లే కంప్యూటర్ అంకెలను శాతాలలో పంచుతుంది. ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం యంత్రం నిర్ణయించదు. దానిని నడిపే మనిషి నిర్ణయిస్తాడు.

నాన్సీ బర్సన్ చిత్రాలు

ఈ వాటాల రహస్యాన్ని బట్టబయలు చేసిన కళాకారిణి అమెరికాకు చెందిన నాన్సీ బర్సన్. ఆమె 1982లో కంప్యూటర్ సహాయంతో ఒక సమ్మిశ్ర ముఖం రూపొందించింది. అందులో అమెరికా అధ్యక్షుడు రీగన్ వాటా సుమారు 55 శాతం. సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ వాటా సుమారు 45 శాతం. థాచర్, మిత్తెరాఁ, డెంగ్ షియావోపింగ్‌లది ఒక్కొక్క శాతం కంటె తక్కువ. ఆ వాటాలు ఆయా దేశాల అణ్వస్త్రాల సంఖ్యనుబట్టి నిర్ణయించినవి. సమ్మిశ్ర చిత్రం 'జాతి స్వభావాన్ని' చూపదు, దాని వెనుక ఉన్న లెక్కను మాత్రమే చూపుతుంది అన్న పాఠం ఇంతకంటె చక్కగా చెప్పడం కష్టం. అదే సంవత్సరం ఆమె ఐదుగురు ప్రసిద్ధ సినీ తారల ముఖాలను కూడా కలిపింది. ఆ సౌందర్యం ఎవరి సొత్తూ కాని సౌందర్యం.

వయస్సు పెరిగితే ముఖం ఎట్లా మారునో ఊహించి చూపే పద్ధతిని కూడా ఆమె అభివృద్ధి చేసింది. తప్పిపోయిన పిల్లలను వెదకడానికి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. దానిని వినియోగించుకొన్నది. 2000 సంవత్సరంలో లండన్‌లోని మిలీనియం డోమ్ కోసం ఆమె మరొక యంత్రం సిద్ధం చేసింది. దాని ముందు కూర్చున్నవాడు తన ముఖమే మరొక జాతివాని ముఖంగా మారడం చూడవచ్చును. గాల్టన్ అనేకులను కలిపి ఒక జాతిని కల్పించాడు. బర్సన్ ఒక్కనిలో అనేక జాతులను చూపింది. సాధనం ఒక్కటే, ఉద్దేశాలు మాత్రం పరస్పర విరుద్ధాలు. కాబట్టి దోషం సాధనానిదని తీర్మానించడం తొందరపాటు.

సగటు దాచేది ఏమిటి?

గణితంలో ఒక చిన్న ఉదాహరణ తీసుకొందాం. ఒక తరగతిలో ఇద్దరికి 48, 52 మార్కులు వచ్చాయి. మరొక తరగతిలో ఇద్దరికి 0, 100 వచ్చాయి. రెండు తరగతుల సగటూ 50. సగటును మాత్రమే చూసినవానికి రెండు తరగతులూ ఒక్కటే. రెండవ తరగతిలో సహాయం అవసరమైన విద్యార్థి ఒకడున్నాడన్న సంగతి ఆ అంకెలో లేదు. సగటు మధ్యస్థానాన్ని చెబుతుంది, వ్యాప్తిని దాచిపెడుతుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలు అన్నది ఈ వ్యాప్తిని గురించే.

జీవశాస్త్రం దీనినే బలపరుస్తున్నది. రిచర్డ్ లెవోంటిన్ 1972లో మానవ జన్యువైవిధ్యాన్ని లెక్కకట్టాడు. అందులో సుమారు 85 శాతం ఒకే జనసముదాయంలోని వ్యక్తుల మధ్యనే ఉన్నదని తేలింది. సముదాయాల మధ్య తేడా మిగిలిన కొద్ది భాగం మాత్రమే. 'వాళ్ళందరూ ఒకటే' అనే మాట సామాజికంగా అన్యాయమని మనకు తెలుసు. శాస్త్రదృష్టిలో కూడా అది పొరపాటే.

నేటి యంత్రాలు

ఇది గడచిన చరిత్ర మాత్రమే కాదు. జాయ్ బువోలంవీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ముఖాన్ని చూసి స్త్రీయో పురుషుడో చెప్పే మూడు వాణిజ్య పద్ధతులను పరీక్షించారు. లేత వర్ణపు పురుషుల విషయంలో తప్పు 0.8 శాతానికి మించలేదు. ముదురు వర్ణపు స్త్రీల విషయంలో అది 34.7 శాతం వరకు పోయింది. ముఖ పరిశీలనకు కొలబద్దలుగా వాడుతున్న రెండు చిత్రసంచయాలలో లేత వర్ణపు ముఖాలు 79.6 శాతం, 86.2 శాతం ఉన్నాయని కూడా వారు చూపించారు. సగటులో ఎవరి వాటా తక్కువో వారిని కొలవడంలోనే తప్పు జరిగితే, ఆ కొలబద్దకు అది పెద్దగా కనిపించదు.

మనిషిని గుర్తుపట్టే యంత్రాలు వేరు రకానివి. కాని అక్కడ కూడా అడగవలసిన ప్రశ్న ఇదే. తెలంగాణ పోలీసు శాఖ 2018లో ముఖ గుర్తింపు పద్ధతిని ప్రవేశపెట్టింది. దానిని ప్రశ్నిస్తూ దాఖలైన వ్యాజ్యంలో 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. యంత్రం చూపిన పోలికను సాక్ష్యంగా తీసుకోవాలా, కేవలం సూచనగా తీసుకోవాలా అన్న వివేచన చదువుకొన్న ప్రతి పౌరునికీ అవసరం.

విద్యార్థులకు, కార్యవర్గానికి

విద్యార్థులారా, మార్పు చేసిన ముఖచిత్రం ఏదైనా మీ ముందుకు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇందులో ఎవరెవరి ముఖాలున్నాయి? ఎవరి వాటా ఎంత, ఆ వాటాను నిర్ణయించినది ఎవరు? ముఖం ఇచ్చినవారి అనుమతి తీసుకొన్నారా? ఈ మూడింటికి సమాధానం దొరకని చిత్రాన్నిబట్టి ఒక మనిషి గురించిగాని, ఒక సమాజం గురించిగాని అభిప్రాయం ఏర్పరచుకోవద్దు.

సమ్మిశ్ర చిత్రానికి సరియైన జవాబు మన కళాశాలల్లో ప్రతి ఏడూ తీసుకొనే సామూహిక ఛాయాచిత్రంలోనే ఉన్నది. అందులోనూ అనేక ముఖాలుంటాయి. అయితే ఒకరి ముఖం మరొకరి ముఖాన్ని చెరిపివేయదు. కూర్చున్నవారు, నిలుచున్నవారు, ఎడమ నుండి కుడికి, ఎవరి పేరు వారికి ఉంటుంది. స్థలం చాలనప్పుడు వెనుక వరుసల పేర్లను వదిలివేయడం ముద్రణలో సులభమైన పద్ధతి. ఈ సంచికలో మాత్రం చివరి వరుసలోని చివరి విద్యార్థి పేరు వరకు, ఉర్దూలోను తెలుగులోను, పూర్తిగా అచ్చు వేయించవలసిందిగా కళాశాల కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను. ఒక పుట అదనంగా పట్టవచ్చును. వ్యక్తిని వ్యక్తిగా గుర్తించడానికి అది ఎక్కువ వెల కాదు.