పసిబిడ్డల నూలుబట్టలు: ఉతుకుట, దాచుట

ఒట్టపిడారము మొదలు కోవిల్పట్టి మీదుగా విరుదునగరము వరకును పరచుకొనిన నల్లరేగడి ప్రత్తికి పుట్టినిల్లువంటిది. వర్షాధారముగా పండు కరుంగణ్ణి అను దేశవాళి ప్రత్తి ఈ సీమకు పేరు తెచ్చినది. 1901లో కోవిల్పట్టిలో నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధనా స్థానము ప్రత్తి వంగడములను మెరుగుపరచుటకు ఎంతయో కృషి చేసినది. తరతరములుగా ఈ నేలను దున్నిన కుటుంబములకు ప్రత్తిని గూర్చి వేరొకరు చెప్పనక్కరలేదు. కాని ఆ ప్రత్తి నూలై, గుడ్డయై, పసిబిడ్డ ఒంటిమీదికి వచ్చిన పిదప దానిని చూచుకొనవలసిన తీరును గూర్చి మనము అంతగా ఆలోచింపము. తల్లి పనికి పోయినప్పుడు చంటిబిడ్డ గుడ్డలు ఉతుకునది పెక్కు ఇండ్లలో బడికి వచ్చు అక్కయో అన్నయో. కావున ఈ పాఠము పెద్దలకును, పిల్లలకును ఉద్దేశింపబడినది.

ఇటీవల అంగళ్లలో "సేంద్రియ ప్రత్తి" అను ముద్రతో శిశువుల చొక్కాలు దొరకుచున్నవి. కృత్రిమమైన ఎరువులు, పురుగుమందులు వాడక, జన్యుమార్పిడి విత్తనములు నాటక పండించిన ప్రత్తికి ఆ పేరు చెల్లును. గోట్స్ అను అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి ఆ ముద్ర వేయవలెనన్న వస్త్రములోని పోగులలో కనీసము 95 శాతము సేంద్రియమై యుండవలెను. అద్దకపు రంగులకును ఆ ప్రమాణము హద్దులు విధించును. అయితే ఆ ముద్ర అంగడి గడప వరకే కాపలా కాయగలదు. గుడ్డ ఇల్లు చేరిన తరువాత దానిలో నిలిచిపోవు సబ్బును, పెట్టెలో దానికి పట్టు మందుల ఆవిరిని అది ఆపజాలదు. వెల యిచ్చి కొన్న సేంద్రియ వస్త్రమైనను, అక్క తొడిగి విడిచిన పాత చొక్కాయైనను, బిడ్డకు మేలు చేయునది చివరకు మన చేతి శుభ్రతయే.

నీరు, సబ్బు

మన బావుల నీరు పెక్కుచోట్ల కఠినమైనది. అందలి సున్నపు, మెగ్నీషియపు లవణములు సబ్బుతో కలిసి తెల్లని మడ్డిగా మారి పోగులలో చిక్కుకొనును. గుడ్డ గరుకెక్కును. శిశువు చర్మము పెద్దల చర్మము కంటె పలుచన; ఆ గరుకుదనమును, మిగిలిన సబ్బు క్షారమును ఓర్వజాలదు. ఎఱ్ఱని పొక్కులు లేచినపుడు మనము ఎండను నిందింతుము. ఒక్కొక్కప్పుడు కారణము గుడ్డలోనే యుండును.

ఒక సీసాలో కొంత నీరు పోసి, సబ్బు తురుము వేసి కుదిపి చూడుడు. నురుగు రాక విరిగిన పాలవలె తేలినచో ఆ నీరు కఠినము. కాచి చల్లార్చి తేట వంచుకొనిన కాఠిన్యము కొంత తగ్గును. వాననీరు అన్నిటికంటె మేలు. తమిళనాడులో 2003 నుండి ఇండ్లకు వాననీటి సేకరణ నిర్బంధము చేయబడినది గదా! మూతపెట్టి నిలువచేసిన ఆ నీటిని చివరి జాడింపునకు మిగుల్చుకొనుడు. కుంకుడు రసము కఠిన జలముతో కలిసినను మడ్డి కట్టదు. కాని తెల్లని గుడ్డకు కొంచెము రంగు పట్టవచ్చును. సువాసన ద్రవములు, మెత్తదనమునకై పోయు మందులు పసివారి గుడ్డలకు వలదు. అవి పోగులపై పొరగా నిలిచి తడి పీల్చు గుణమును తగ్గించును.

ఉతుకు క్రమము

క్రొత్త గుడ్డను ఉతకకుండ తొడుగరాదు. మొదటి ఉతుకులో నూలుగుడ్డ కొంత కుదించుకొనును; కావున ఒక పిసరు వదులుగా కొనుట మంచిది. పాల మరకలను మొదట చన్నీట జాడింపవలెను. వేడినీరు వానిని గట్టిపరచును. మలమూత్రముల గుడ్డలను వెంటనే జాడించి, వేరుగా వేడినీట ఉతుకవలెను. సబ్బు కొంచెమే చాలును, జాడింపు మాత్రము కనీసము మూడు మారులు. పిండిన నీరు వ్రేళ్లకు జారుడుగా తగిలినచో ఇంకను సబ్బున్నదని తెలియవలెను.

మేజోళ్లను, చేతితొడుగులను తిరుగవేసి చూడుడు. లోపల ఊడిన దారము బిడ్డ వ్రేలికి చుట్టుకొని రక్తప్రసారమును ఆపివేయగలదు. కారణము తెలియక ఏడ్చు శిశువు కాలివ్రేళ్లను ఒకమారు పరీక్షించుట ప్రతి తల్లియు నేర్వదగినది.

గుడ్డలను తుమ్మకంపపై ఆరవేయరాదు. విరిగిన ముల్లు పోగులలో నిలుచును. తీగపై, ఎండలో, దుమ్ము రేగని చోట ఆరవేయుడు. ఐప్పసి, కార్తిక మాసముల వానలలో ఇంటిలోపల ఆరవేసినపుడు ఇస్త్రీ చేసి చెమ్మను పోగొట్టవలెను. గంజి పెట్టరాదు, అది గరుకు చేయుటయే గాక పెట్టెలోనికి పురుగును పిలుచును.

దాచుట

ఒక బిడ్డ విడిచిన చొక్కాలను మరొక బిడ్డకై దాచుట మన ఇండ్లలో మంచి ఆచారము. కాని ఆ పెట్టెలో కలరా ఉండలు వేయుట ప్రమాదము. తమిళులు అందురుండై అను వీనిలో పెక్కింటిలో నాఫ్తలీను ఉండును. కొందరు శిశువులకు పుట్టుకతోనే ఎఱ్ఱ రక్తకణములను కాపాడు జి6పిడి అను ఎంజైము లోపించి యుండును. ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియకయే పోవచ్చును. అట్టి బిడ్డ ఆ ఆవిరి పట్టిన గుడ్డలు ధరించినచో రక్తకణములు చితికి కామెర్లు ముదురును. కామెర్లు మితిమీరిన మెదడునకే హాని. కన్నులు పచ్చబారినను, మూత్రము నల్లబడినను, బిడ్డ పాలిపోయినను క్షణమాలస్యము చేయక వైద్యునికి చూపవలెను. ఉండల సంగతి ఆయనకు చెప్పవలెను.

విచిత్రమేమనగా, బట్టల చిమ్మటలు తిను వస్తువు ఉన్ని, పట్టు. శుభ్రమైన నూలుగుడ్డ వానికి ఆహారము కాదు. కనుక ఆ ఉండలతో మనకు పనియే లేదు. బాగుగా ఉతికి, ఎండించి, ఎండిన వేపాకును చిన్న సంచిలో వేసి పెట్టిన చాలును. మరల తీసినప్పుడు ఒకమారు ఉతికి తొడుగవలెను.

ఈ రాత్రియే మీ ఇంటి పెట్టె మూత తీసి చూడుడు. తెల్లని ఉండలున్నచో తీసివేసి, పిల్లలకు అందని చోట పారవేయుడు. ఆ పెట్టెలోని గుడ్డలను క్రొత్త బిడ్డకు తొడుగకుడు. ప్రత్తిని పండించుట ఎరిగిన మనము దానిని పసివారికి నిర్మలముగా అందించుటయు ఎరుగవలెను గదా!